నీడపట్టున పెరిగే వుడ్రఫ్

అడవిలో నేలంతా పచ్చగా పరుచుకున్న వుడ్రఫ్ ఆకును తెంపి ముక్కు దగ్గర పెట్టుకుంటే ప్రత్యేకంగా ఏమీ తెలియదు. మామూలు పచ్చి ఆకు వాసన, అంతే. అదే ఆకును రాత్రంతా బల్లమీద వదిలేస్తే తెల్లారేసరికి గదిలో కమ్మని వాసన తిరుగుతూ ఉంటుంది. కోసి ఆరబెట్టిన గడ్డి, వెనిల్లా, కాస్త బాదం కలిసినట్టుండే తియ్యని పరిమళం అది. ఎండేకొద్దీ పెరుగుతుంది, సరిగ్గా దాచుకుంటే నెలల తరబడి నిలుస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే నాటడం మొదలుకొని వంట దాకా తక్కినవన్నీ తేలిగ్గా బోధపడతాయి. ఈ మొక్క దగ్గర తొందర పనికిరాదు, అతి అసలే పనికిరాదు.

దీని శాస్త్రీయ నామం గేలియం ఓడొరేటం. లినేయస్ 1753లో ఆస్పెరులా ఓడొరేటా అని పేరుపెడితే, 1771లో స్కోపోలి దీన్ని గేలియం ప్రజాతిలోకి మార్చాడు. నర్సరీల్లో, విత్తనాల పొట్లాల మీద ఇప్పటికీ రెండు పేర్లూ కనిపిస్తాయి కాబట్టి కొనేవారు రెండూ తెలుసుకుని ఉండటం మంచిది. జర్మనీలో వాల్డ్‌మైస్టర్ అని అడగాలి. ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో స్వీట్ వుడ్రఫ్ అంటే దొరుకుతుంది.

ఏటా మళ్లీ చిగురించే మొక్క ఇది. ఎత్తు జానెడు, బాగా సాగితే జానెడున్నర. సన్నని కాండానికి నాలుగు పలకలు ఉంటాయి. ఒక్కో కణుపు చుట్టూ ఆరు నుంచి తొమ్మిది దాకా కోల ఆకులు గుండ్రంగా అమరి ఉంటాయి. ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వరకు కొసల్లో చిన్నచిన్న తెల్లపూలు గుత్తులుగా పూస్తాయి. నూరువరహాల పువ్వుకున్నట్టే దీనికీ నాలుగు రేకులు, వాటి కింద గొట్టం. ఆ పోలిక ఊరికే వచ్చింది కాదు. రెండూ రూబియేసి కుటుంబానివే. అరకు కాఫీ, ఆయుర్వేదంలో వాడే మంజిష్ఠ, మచిలీపట్నం కలంకారీకి ఒకప్పుడు ఎర్రరంగు ఇచ్చిన చిరివేరు కూడా ఆ కుటుంబానికి చెందినవే. వుడ్రఫ్ వేళ్లలోనూ ఎరుపు ఉంది. కానీ దారాల్లాంటి ఆ సన్నని వేళ్లు తవ్వి రంగు తీయడం శ్రమకు తగ్గ పని కాదు. దీనికి పేరు తెచ్చింది వేరు కాదు, ఆకు.

ఆకులోని పరిమళానికి మూలం కూమరిన్ అనే పదార్థం. పచ్చి ఆకులో అది విడిగా ఉండదు, చక్కెరతో ముడిపడిన మరో రూపంలో ఉంటుంది. ఆ రూపానికి వాసన లేదు. ఆకు వాడి కణాలు దెబ్బతిన్నప్పుడు అందులోని ఎంజైములు ఆ ముడిని విప్పుతాయి, కూమరిన్ బయటపడుతుంది. గడ్డి కోసిన పొలంలో ఒక పూట గడిచాక వచ్చే తియ్యని వాసనలో కొంత భాగం కూడా ఇదే. దీన్ని మొదట వేరుచేసింది వుడ్రఫ్ నుంచి కాదు, దక్షిణ అమెరికా టోంకా గింజల నుంచి, 1820లో. కృత్రిమ రంగుల పరిశ్రమకు ఆద్యుడైన విలియం పెర్కిన్ 1868లో దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. 1882లో పారిస్‌లోని ఊబిగాఁ సంస్థ ఆ కృత్రిమ కూమరిన్‌తో ఫుజేర్ రోయాల్ అనే అత్తరు తెచ్చింది. మగవారి సెంట్లలో ఇప్పటికీ కొనసాగుతున్న ఒక పెద్ద వర్గానికి ఆ సీసాయే ఆరంభం.

ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పెరగదు

యూరప్‌లో చాలాభాగం, అక్కడి నుంచి పశ్చిమ సైబీరియా, ఇరాన్ దాకా దీని సహజ నివాసం. అన్నిటికంటే బీచ్ చెట్ల అడవి దీనికి బాగా నచ్చుతుంది. ఎంతగా అంటే, మధ్య యూరప్ వృక్షశాస్త్రజ్ఞులు ఒక రకం బీచ్ అడవికి ఈ మొక్క పేరే చేర్చి పిలుస్తారు. బీచ్ చెట్టు ఆకులు విప్పాక దాని కింద నేలకు వెలుతురు చాలా తక్కువగా చేరుతుంది. అంత నీడలో గడ్డి కూడా సరిగ్గా బతకదు. వుడ్రఫ్ మాత్రం చెట్టు చిగురు తొడిగేలోగానే వసంతపు వెలుతురు వాడుకుని లేచి, మిగతా ఏడాదంతా ఆ మసక వెలుతురులోనే ఆకుపచ్చగా ఉండిపోతుంది. దానికి కావలసినవి మూడు: నీడ, చల్లదనం, రాలిన ఆకులు కుళ్లి ఏర్పడిన మెత్తటి తేమ నేల.

తెలుగు నేలమీద దీన్ని పెంచాలనుకోవడం వృథా ప్రయాస. మనకు నీడకు కొదవలేదు, చల్లదనమే లేదు. విత్తనం మొలవడానికే చలి నెలలు కావాలి, మేలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లలో ఆకు ఒక వారం కూడా నిలవదు. కుండీలో పెట్టి ఏసీ గదిలో కాపాడదామనుకునేవారు అదే కుండీలో మామిడి అల్లం దుంప పాతుకుంటే మేలు. అదీ కొంత నీడకు ఓర్చుకునేదే, పరిమళమూ ఉంది, పైగా పచ్చడికి వస్తుంది.

ఈ అధ్యాయం అసలు ఉపయోగపడేది చలి దేశాల్లో ఇల్లు కట్టుకున్న, అద్దెకు తీసుకున్న తెలుగువారికి. జర్మనీ, నెదర్లాండ్స్, బ్రిటన్‌లలోనూ, అమెరికాలో సియాటిల్, న్యూజెర్సీ, షికాగో వంటి చోట్లా ఇళ్ల వెనక తరచు ఒక సమస్య కనిపిస్తుంది. ఉత్తరం వైపు గోడ కిందో, పెద్ద మేపుల్ చెట్టు కిందో ఎండ పడని జాగా ఉంటుంది. అక్కడ కొత్తిమీర సాగదు, మెంతికూర సాగదు, గోంగూర సంగతి చెప్పనే అక్కర్లేదు. పచ్చిక వేసినా బోడిగా మిగులుతుంది. వుడ్రఫ్‌కు సరిగ్గా అలాంటి చోటే కావాలి. అమెరికా వ్యవసాయ శాఖ చలి మండలాల లెక్కలో నాలుగు నుంచి ఎనిమిది వరకు దీనికి అనువైనవని చెబుతారు. ఆ లెక్క చలికాలపు చలిని చెబుతుంది గాని వేసవి వేడిని చెప్పదు. అందుకే పట్టికలో సరిపోయినట్టు కనిపించినా డాలస్ వేసవి దీనికి పడదు.

నాటడం, అదుపులో ఉంచడం

విత్తనంతో మొదలుపెట్టడం ఓపిక ఉన్నవారి పని. తాజా విత్తనాన్ని శరదృతువులో నేలలోనే చల్లి, చలికాలం దానిమీదుగా గడవనివ్వాలి. పాత విత్తనం చాలాసార్లు మొలవదు. మొలిచినా అన్నీ ఒకేసారి రావు, కొన్ని రెండో వసంతం దాకా ఆగుతాయి. ఈ లోపల కలుపు తీస్తూ వాటిని పీకేయకుండా ఉండటమే కష్టం. కాబట్టి నర్సరీలో రెండు మూడు మొక్కలు కొనుక్కోవడం, లేదా ఇరుగుపొరుగు తోటలో ఉంటే ఒక గుప్పెడు వేళ్లు అడిగి తెచ్చుకోవడం తెలివైన పని. ఇది ఉన్న తోటలో ఎప్పుడూ మిగులే, అడిగితే కాదనేవారు తక్కువ.

ఈ మొక్క నేల పైపొరలోనే సన్నని వేరుకాండాలు పాకించి విస్తరిస్తుంది. మార్చి, ఏప్రిల్‌లలో గాని, సెప్టెంబరు, అక్టోబరులలో గాని ఆ వేరుకాండాలను కణుపు, చిగురు ఉండేలా ముక్కలు చేసి నాటాలి. రెండు అంగుళాలకు మించి లోతు అక్కర్లేదు. ముక్కకూ ముక్కకూ మధ్య జానెడు నుంచి అడుగు వరకు దూరం చాలు. నాటే ముందు నేలలో ఆకుల ఎరువు బాగా కలపాలి. అది దొరక్కపోతే పండిన కంపోస్టు. రసాయన ఎరువు వేయకపోవడమే మంచిది, ఎందుకంటే అడవి నేలలో బతికే ఈ మొక్కకు దాని అవసరం లేదు. మొదటి వేసవి మాత్రం నేల ఎండిపోకుండా చూసుకోవాలి. ఆ తరువాత రెండు వారాలు వాన పడకపోతే తప్ప నీళ్ల గురించి తలుచుకోనక్కర్లేదు.

ఎండ తగిలితే ఆకు అంచులు మాడి పసుపెక్కుతుంది. ఉదయపు నీరెండ పరవాలేదు, మధ్యాహ్నపు ఎండ పనికిరాదు. నీళ్లు నిలిచే చోటు కూడా అంతే, వేరు కుళ్లుతుంది. పెద్ద పురుగు బెడద ఏమీ ఉండదు. జింకలు తిరిగే ప్రాంతాల్లో ఇంకో సౌకర్యం కూడా ఉంది: హోస్టాలను తిని పోయే జింకలు దీన్ని సాధారణంగా ముట్టవు.

మొదటి ఏడు దాదాపు ఎదుగుదల లేనట్టే కనిపిస్తుంది. రెండో ఏడు ముక్కల మధ్య ఖాళీలు పూడుతాయి. మూడో ఏటి నుంచి సమస్య తిరగబడుతుంది, ఆపడమెలా అన్న ప్రశ్న వస్తుంది. తేమ బాగా ఉన్న చోట ఇది పక్క మడుల్లోకీ, దారి మీదికీ పాకుతుంది. దీన్ని దురాక్రమణ మొక్క అని తిట్టేవారున్నారు. కానీ వేళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి చేత్తో లాగితే వచ్చేస్తుంది, పుదీనాతో పడ్డంత అవస్థ ఉండదు. ముందే జాగ్రత్తపడదలచినవారు మడి చుట్టూ అరడుగు లోతున రేకో పలకో పాతితే చాలు. విత్తనాలకు కొక్కేల్లాంటి నూగు ఉంటుంది. కుక్క బొచ్చుకూ, ప్యాంటు అంచుకూ అంటుకుని కొత్త చోట్లకు చేరతాయి. అది ఇష్టం లేకపోతే పూలు వాడగానే కత్తిరించాలి.

డాఫడిల్ వంటి దుంప మొక్కలకు ఇది మంచి తోడు. వసంతంలో అవి దీని మధ్యలోంచి పొడుచుకొస్తాయి, వాటి ఆకులు పండిపోయి వికారంగా ఉన్నప్పుడు ఇది కప్పేస్తుంది. ఫెర్న్‌లు, హోస్టాల మధ్య కూడా బాగుంటుంది. చిన్న చిన్న సుకుమారమైన మొక్కల పక్కన మాత్రం పెట్టకూడదు, మింగేస్తుంది. తోట లేనివారు బాల్కనీలో వెడల్పాటి, లోతు తక్కువ కుండీలో పెంచుకోవచ్చు. ఉత్తరం వైపు బాల్కనీ అయితే మరీ మంచిది. కుండీలో మట్టి తొందరగా ఎండుతుంది గనుక నీళ్ల విషయంలో అశ్రద్ధ కుదరదు. రెండేళ్లకోసారి మొక్కను తీసి విడదీసి మళ్లీ నాటాలి.

అడవిలో ఏరుకునేవారికి

జర్మనీలో అడవుల వెంట నడిచేవారు వసంతంలో వుడ్రఫ్ ఏరుకోవడం పాత అలవాటు. అక్కడి ప్రకృతి సంరక్షణ చట్టం సొంత వాడకానికి ఒక చేతి గుత్తికి మించకుండా కోసుకోవడాన్ని అనుమతిస్తుంది. రక్షిత ప్రాంతాల్లో అదీ కుదరదు. వేళ్లతో సహా పీకకూడదు, కత్తెరతో పైభాగమే తీసుకోవాలి. మిగతా దేశాల్లో నియమాలు వేరు, వెళ్లేముందు కనుక్కోవాలి.

గుర్తుపట్టడంలో పొరపాటుకు ఆస్కారం ఉన్నది దీని దగ్గరి బంధువులతోనే. గేలియం ప్రజాతిలో ఆరు వందలకు పైగా జాతులున్నాయి, అన్నిటికీ ఆకులు కణుపు చుట్టూ వలయంగానే ఉంటాయి. బట్టలకు అంటుకునే క్లీవర్స్‌ను ముట్టుకుంటేనే తెలిసిపోతుంది, కాండమంతా గరుకు. అడవిలోనే పెరిగే గేలియం సిల్వాటికం కాండం గుండ్రంగా ఉంటుంది, వుడ్రఫ్‌ది నాలుగు పలకలు. వీటన్నిటికంటే నమ్మదగిన పరీక్ష వాడ్చి చూడటం. ఒక కొమ్మను జేబులో పెట్టుకుని ఇంటికి వచ్చేసరికి తియ్యని వాసన రాకపోతే అది వుడ్రఫ్ కాదు, పారేయాలి. అడవి నుంచి వచ్చాక ఆకుతోపాటు కాళ్లూ చేతులూ కూడా చూసుకోవాలి. మధ్య యూరప్ అడవుల్లో పిడుదులు ఎక్కువ, వాటి వల్ల వచ్చే జబ్బులు తేలిగ్గా తీసుకోదగ్గవి కావు.

కోత, వాడ్చడం

పూలు విచ్చుకోబోయే ముందు, లేదా ఒకటీ అరా విచ్చినప్పుడు కోయాలని సంప్రదాయం. పూత ముదిరాక ఆకు గట్టిపడుతుంది, కూమరిన్ పెరుగుతుంది, రుచిలో చేదు తోస్తుంది. మొక్కను నేలమట్టంగా కోసినా మళ్లీ చిగురిస్తుంది గాని, మడిలో మూడోవంతు కోసి మిగతాది వదిలేస్తే మరుసటి ఏడు పూత తగ్గదు.

కోసిన కొమ్మలను కడిగి, గుడ్డతో తడి అద్ది, తూకం వేయాలి. తూకం ఇప్పుడే, వాడక ముందే. దీనికి కారణం మోతాదు గురించి చెప్పే చోట తెలుస్తుంది. తరువాత చిన్న గుత్తిగా దారంతో కట్టి గాలి తగిలే నీడలో తలకిందులుగా వేలాడదీయాలి. మూడు నాలుగు గంటల్లో వాసన మొదలవుతుంది, రాత్రంతా ఉంచితే పూర్తిగా వస్తుంది. తొందరగా కావాలంటే ఫ్రీజర్‌లో పెట్టి తీసినా కణాలు పగిలి అదే పని జరుగుతుంది. ఆవెన్‌లో పెట్టి వేడి చేయడం మాత్రం తెలివితక్కువ పని. పరిమళం ఇంట్లో తిరుగుతుంది గాని ఆకులో మిగలదు.

వంటింట్లో

వుడ్రఫ్‌తో చేసే వాటిలో అన్నిటికంటే పాతది, పేరున్నది మైబోలె. జర్మనీలో మే నెల మొదటి రోజున తాగే పానీయం. ప్ర్యూమ్ మఠానికి చెందిన వాండల్బెర్ట్ అనే సన్యాసి 854లో వైన్‌లో ఈ ఆకు వేయడాన్ని ప్రస్తావించాడని చెబుతారు. పద్ధతి చాలా సులువు. చల్లని తెల్ల వైన్‌ను పెద్ద గిన్నెలో పోసి కొంచెం చక్కెర కరిగిస్తారు. వాడిన గుత్తిని గిన్నె మీద అడ్డంగా పెట్టిన గరిటెకు కట్టి, ఆకులు మాత్రం మునిగేలా తలకిందులుగా వేలాడదీస్తారు. కోసిన చివర్లు మునగకూడదు, అక్కడి నుంచి దిగే రసం చేదు. అరగంటలో గుత్తి తీసేస్తారు. వడ్డించే ముందు బుడగలొచ్చే వైన్ ఒక సీసా పోసి, స్ట్రాబెర్రీ ముక్కలు వేస్తారు. గుత్తిని గంటల తరబడి వదిలేస్తే రుచి ఏమీ మెరుగవదు, తలనొప్పి మాత్రం ఖాయమని అక్కడి పాతవారికీ తెలుసు.

మద్యం ముట్టని ఇళ్లలో అదే పనికి ఆపిల్ రసం చక్కగా సరిపోతుంది. వడకట్టిన తేట ఆపిల్ రసంలో గుత్తిని అరగంట ఉంచి తీసి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండి, తాగబోయే ముందు సోడా కలపాలి. పులుపు తగలకపోతే వుడ్రఫ్ రుచి మొహం మొత్తుతుంది. జర్మనీలో దీన్ని నిమ్మ, స్ట్రాబెర్రీ, ఆపిల్‌లతోనే జోడించడానికి కారణం అదే. బెర్లిన్‌లో పుల్లని గోధుమ బీరులో ఈ ఆకుపచ్చ సిరప్ కలుపుకుని తాగడం కూడా ఆ తర్కంలోనిదే.

కూమరిన్ కొవ్వులో బాగా కరుగుతుంది. అందుకని పాలు, మీగడలతో చేసే తీపి వంటకాలు దీనికి నప్పుతాయి. వాడిన ఆకును చల్లని పాలలో వేసి ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచి, మర్నాడు వడకట్టి, ఆ పాలతో కస్టర్డ్ గాని, ఐస్‌క్రీమ్ గాని, సేమ్యా పాయసం గాని చేసుకోవచ్చు. పాయసంలో వేసేటప్పుడు యాలకులు మానేయాలి. యాలకుల ముందు దీని సున్నితమైన వాసన నిలవదు, రెండూ కలిస్తే ఏదీ సరిగ్గా తెలియదు. బెల్లం కంటే చక్కెర మేలు, ఇదీ అదే కారణంతో. జీడిపప్పు, కిస్‌మిస్‌లకు అభ్యంతరం లేదు. ఆకును పాలలో వేసి మరిగిస్తే ఎండుగడ్డి కషాయం రుచి వస్తుంది, మరిగించకూడదు.

టీ చేయడం మరీ తేలిక. మరిగి దించిన నీళ్లలో రెండు వాడిన కొమ్మలు ఐదు నిమిషాలు ఉంచి తీయడమే. రంగు లేత పసుపు. ఇక్కడ ఒక మాట చెప్పాలి: నిజమైన వుడ్రఫ్ దేనికీ గాఢమైన ఆకుపచ్చ రంగు ఇవ్వదు. జర్మన్ సూపర్‌మార్కెట్లలో ఈ పేరుతో దొరికే మెరిసే పచ్చ జెల్లీ, పచ్చ సిరప్, పచ్చ ఐస్‌క్రీమ్‌లది కలిపిన రంగు, చాలావాటిలో రుచి కూడా కృత్రిమమే. ఆ రుచికి అలవాటుపడ్డ పిల్లలు అసలైన ఆకుతో చేసినది తాగి, ఇది వాల్డ్‌మైస్టర్ కాదు అనడం విచిత్రమేమీ కాదు.

మోతాదు

జర్మనీ 1970, 80ల్లో వ్యాపారానికి తయారుచేసే మిఠాయిల్లో, శీతల పానీయాల్లో నిజమైన వుడ్రఫ్ వాడకాన్ని ఆపించింది. అమెరికాలో 1954 నుంచే ఆహారంలో కూమరిన్ కలపడం నిషేధం. కారణం కాలేయం. ఎలుకలకు పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు కాలేయం దెబ్బతింది. మనుషుల్లో అందరికీ కాదు గాని, కొద్దిమందికి తక్కువ మోతాదులోనే కాలేయ ఎంజైములు పెరుగుతాయి, మానేస్తే సాధారణంగా తగ్గుతాయి. ఆ కొద్దిమంది ఎవరో ముందుగా తెలిసే మార్గం లేదు. వీటన్నిటినీ లెక్కలోకి తీసుకుని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2004లో ఒక హద్దు పెట్టింది: శరీర బరువులో కిలోకు రోజుకు 0.1 మిల్లీగ్రాము. అంటే 60 కిలోల మనిషికి రోజుకు 6 మిల్లీగ్రాములు, 15 కిలోల పిల్లవాడికి ఒకటిన్నర.

దీన్ని వంటింటి లెక్కలోకి మార్చడం కష్టమేమీ కాదు. జర్మనీలో అందరూ పాటించే సూత్రం లీటరు పానీయానికి 3 గ్రాముల పచ్చి ఆకు. 3 గ్రాముల పచ్చి ఆకు ఎండితే సుమారు అరగ్రాము. ఎండిన ఆకు బరువులో కూమరిన్ దాదాపు ఒక శాతం, అంటే మొత్తం లీటరులో 5 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్ల గ్లాసులో ఒకటి. పెద్దవారు రెండు గ్లాసులు తాగినా హద్దుకు చాలా దూరంలో ఉంటారు. చిన్నపిల్లలకు ఇవ్వకపోవడమే మంచిది. తూకం వాడక ముందే వేయమన్నది ఇందుకే. వాడిన ఆకును 3 గ్రాములు తూచితే తెలియకుండానే మోతాదు పెరుగుతుంది, పూర్తిగా ఎండినదాన్ని తూచితే ఐదారు రెట్లవుతుంది. గుప్పెడు, చిటికెడు లెక్కలు ఇక్కడ వద్దు, డిజిటల్ త్రాసు వాడాలి.

కూమరిన్ పేరు వినగానే భయపడేవారు తమ పోపులపెట్టె కూడా ఒకసారి చూసుకోవాలి. కిరాణా కొట్లలో దాల్చిన చెక్క పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం కాసియా రకం, మందపాటి గట్టి బెరడు. కాసియా పొడిలో కిలోకు సగటున 3 గ్రాముల వరకు కూమరిన్ ఉంటుందని జర్మన్ ప్రభుత్వ సంస్థ తేల్చింది. అక్కడ క్రిస్మస్ రోజుల్లో పిల్లలు తినే దాల్చిన బిస్కెట్ల మీద 2006లో పెద్ద చర్చే జరిగింది. ఒక గ్రాము కాసియా పొడిలో 3 మిల్లీగ్రాములంటే, అది మూడు గ్లాసుల మైబోలెతో సమానం. బిర్యానీలో వేసి తీసేసే ముక్కతో ఇబ్బంది లేదు. షుగరు తగ్గుతుందని రోజూ చెంచాడు దాల్చిన పొడి నీళ్లలో కలుపుకుని తాగేవారు మాత్రం ఆ లెక్క వేసుకోవాలి. పలచగా, పొరలు పొరలుగా చుట్టుకున్న సిలోన్ దాల్చినలో కూమరిన్ చాలా తక్కువ.

వుడ్రఫ్ రక్తాన్ని పలచబరుస్తుందన్న మాట తరచు వినబడుతుంది. దాని వెనక సగం నిజమే ఉంది. 1920లలో ఉత్తర అమెరికాలో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయాయి. ఆ గడ్డిలోని కూమరిన్‌ను బూజు మరో పదార్థంగా మార్చిందని, రక్తం గడ్డకట్టకుండా ఆపుతున్నది అదేనని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం 1940 నాటికి తేల్చింది. దాని పేరు డైకుమరాల్. ఆ దారిలోనే వార్ఫరిన్ తయారై, 1948లో ఎలుకల మందుగా, 1954లో మనుషుల మందుగా వాడకంలోకి వచ్చింది. కూమరిన్‌కు స్వయంగా ఆ గుణం లేనట్టే లెక్క. అసలు చూడవలసింది బూజు. సరిగ్గా ఎండక ముక్కిపోయిన, బూజు వాసన వచ్చే వుడ్రఫ్‌ను తినే వాటిలో ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. వార్ఫరిన్, ఎసినోకుమరాల్ వంటి మందులు వాడేవారు, కాలేయ జబ్బు ఉన్నవారు, గర్భిణులు దీనికి దూరంగా ఉండాలి. నిద్ర పట్టడానికి, గుండె దడకు ఇది మందని చెప్పే పాత మూలికా గ్రంథాల్ని నమ్మి రోజూ టీగా తాగడం కూడా మంచిది కాదు. అప్పుడప్పుడు రుచికోసం వాడుకోవలసిన ఆకు ఇది.

ఎండిన ఆకు

తినడానికి కాక ఇంట్లో వాసనకోసం వాడుకోవడంలో మోతాదు బెడద లేదు. పరుపుల్లో కూరడం, చాపల కింద చల్లడం, బీరువాల్లో పెట్టడం యూరప్‌లో శతాబ్దాల అలవాటు. మధ్యయుగపు ఇంగ్లండు చర్చిల్లో జూన్ 11న సెయింట్ బార్నబస్ పండుగకు గులాబీలతో కలిపి దండలుగా కట్టేవారు. 1597లో జాన్ జెరార్డ్ తన మూలికల గ్రంథంలో వేసవిలో ఇళ్లలో గుత్తులు వేలాడదీస్తే గాలి బాగుంటుందని రాశాడు.

ఎండబెట్టడానికి కోసిన కొమ్మలను పలచగా పరిచి, ఎండ తగలని, గాలి ఆడే గదిలో వారం పది రోజులు ఉంచాలి. వేలితో నలిపితే పొడి అయ్యేంత ఎండాలి. ఏ కొంచెం చెమ్మ మిగిలినా డబ్బాలో పెట్టాక బూజు పడుతుంది. సరిగ్గా ఎండితే ఆకు రంగు పెద్దగా మారదు. గాజు సీసాలో మూత బిగించి చీకట్లో పెడితే ఒక ఏడాది దాకా పరిమళం బాగా నిలుస్తుంది. పలచటి నూలుగుడ్డలో మూటకట్టి పట్టుచీరల మధ్య, ఉన్ని స్వెటర్ల మధ్య పెట్టుకోవచ్చు, చిమ్మెటలు దూరంగా ఉంటాయని అక్కడి ఇల్లాళ్ల నమ్మకం. మూట చీరకు నేరుగా తగలకుండా కాగితం అడ్డుపెట్టడం మేలు, ఎందుకంటే నలిగిన ఆకు పొడి లేత రంగు పట్టుమీద మరక చేయవచ్చు. వాసన మందగించాక ఆ ఆకును మళ్లీ మడిలోనే, మొక్కల మొదళ్ల దగ్గర చల్లేస్తే ఎరువవుతుంది. మే నెల కోతతో మూటలు మార్చుకుంటే ఏడాది పొడవునా సరిపోతుంది.